అడిగితేనే ఆగే స్టేషన్

2009 జూలై 31, శుక్రవారం

ఇవాళ ఆల్డర్‌టన్ స్టేషన్ తాళంచెవి నా చేతికొచ్చింది. డోరిస్ ఇచ్చింది. ఆవిడకు ఎనభై ఒకటి. పన్నెండేళ్లుగా ఆ గది తెరిచేదీ మూసేదీ ఆవిడే. ఇప్పుడు మోకాళ్లు మొరాయించాయి.

"నీకెందుకు ఈ పని, సూనా?" అని అడిగింది. జ్ఞానప్రసూన అన్న పేరులో ఈ ఊరికి నోరు తిరిగింది ఆ రెండక్షరాలే.

మా నాన్న స్టేషన్ మాస్టరు, ఆ వాసన పడనిదే నాకు తోచదు అన్నాను. అబద్ధమేమీ కాదు. గుంటూరు మాచర్ల లైన్లో రైల్వే క్వార్టర్సులోనే పెరిగాను. కాకపోతే అసలు కారణం అది కాదు. ఇక్కడ రాయడానికి సిగ్గెందుకు? ఈ నోట్‌బుక్ నేను తప్ప ఎవరు చదువుతారు?

మంగళవారం గుళ్లో మా ఆయన సంవత్సరీకం అయ్యాక అల్లుడు అనూప్ మాటల్లో చెప్పాడు. బిందుకు చికాగో పక్కన షామ్‌బర్గ్‌లో ఫార్మసీ ఉద్యోగం వచ్చిందట. సోమవారం నుంచి శుక్రవారం దాకా అక్కడే. శుక్రవారం సాయంత్రం రైలెక్కి, దక్షిణాన అనూప్ పాఠాలు చెప్పే యూనివర్సిటీ ఊరికి వెళుతుందట. "మీ స్టేషన్ మీదుగానే అత్తయ్యా, సిక్స్ ఫార్టీకి" అని, అన్న వెంటనే నాలిక కరుచుకున్నాడు.

బిందు నాతో "వెళ్తున్నాం" అని మాత్రం అంది. నాకున్నది ఒక్క కూతురు. పోయిన ఏడాది ఆగస్టు తర్వాత ఆ పిల్ల మా గడప తొక్కలేదు.

ఈ స్టేషన్‌లో ఉద్యోగులంటూ ఎవరూ లేరు. టికెట్ కిటికీకి చెక్క కొట్టేసి ఇరవై ఏళ్లయిందట. ఒక గది, ఒక హీటరు, గోడకు టైమ్‌టేబుల్. పొద్దున చికాగో వెళ్లే రైలొకటి, సాయంత్రం చికాగో నుంచి వచ్చే రైలొకటి. అవి కూడా ఎక్కేవాళ్లో దిగేవాళ్లో ఉంటేనే ఆగుతాయి, లేకపోతే కూత వేసుకుంటూ పోతాయి. రైలు వేళకు అరగంట ముందు ఊళ్లోవాళ్లే ఎవరో ఒకరు వచ్చి తలుపు తీయాలి.

గది ఊడ్చాను, కిటికీలు తుడిచాను. బయట బెంచీ జోలికి పోలేదు.

ఆరూ నలభైకి రైలొచ్చింది, ఆగలేదు. కిటికీలన్నీ ఒకే గీతలా కళ్లముందు నుంచి పోయాయి. అందులో ఎక్కడో నా కూతురుంది. ఒక్కసారి ఇక్కడ దిగాలి. నాకు కావలసింది అంతే.

ఆగస్టు 1

దిగితే ఏం వండాలా అని ఫ్రీజర్ సర్దాను. నాకు మతి ఉందా?

ఆగస్టు 7, శుక్రవారం

ఆగలేదు.

డోరిస్ ఓ వార్త చెప్పింది. ఈ స్టేషన్ తీసేయాలా ఉంచాలా అని రైల్వేవాళ్లు చూస్తున్నారట. అక్టోబరులో తేలుస్తారట. "ఎక్కేవాళ్లు లేరు, సూనా. ఒక్క టికెట్ కొన్నా మనకు సాయమే" అంది.

ఆ మాట పట్టుకున్నాను. ఇక్కడి నుంచి తర్వాతి స్టేషన్ ప్రెస్కాట్. పదిహేను నిమిషాల ప్రయాణం. వచ్చే శుక్రవారానికి ఒక టికెట్ బుక్ చేశాను. ఎక్కేవాళ్లుంటే రైలు ఆగి తీరాలి కదా. ఇది ఊరి కోసం. నలభై ఏళ్లు ఆయన వైద్యం చేసిన ఊరు, నేను ఆ మాత్రం చేయొద్దా?

ఆగస్టు 8

తారీఖు ప్రకారం ఇవాళ్టికి ఏడాది. ఇదొకటి రాసి మూసేస్తాను.

పోయిన ఏడాది ఇదే రోజు, శుక్రవారం, బిందును తీసుకురావడానికి ఆయన స్టేషన్‌కు వెళ్లారు. బిందు రైలు తప్పిపోయింది. దిగేవాళ్లు లేరు కాబట్టి రైలు ఆగలేదు. ఆయన ఆ బెంచీ మీద కూర్చుని ఉండగానే గుండె ఆగింది. ఎనిమిదింటికి కుక్కను తిప్పుతూ వచ్చినాయన చూశాడు. రైలు పోయి డోరిస్ గదికి తాళం వేసి వెళ్లాక, అప్పటిదాకా ఆ స్టేషన్‌లో మనిషన్నవాడు లేడు.

ఊరంతటినీ చూసుకున్న డాక్టరు.

ఆగస్టు 14, శుక్రవారం

నా అంత తెలివిగలది ఇంకొకతె ఉంటుందా!

టికెట్ చేతిలో ఉంది, ఉతికిన చీర కట్టాను, ఆరున్నరకే తయారు. దూరంగా దీపం కనపడింది. చిన్నప్పటి అలవాటు ఎక్కడికి పోతుంది? రైలొచ్చేటప్పుడు ప్లాట్‌ఫారం మీద నిలబడితే మా నాన్న వీపు విమానం మోత మోగించేవాడు. స్టేషన్ గుమ్మంలోకి వెళ్లి నిలబడాలి. నిలబడ్డాను. రైలు దగ్గరికి వచ్చి నెమ్మదించింది కూడా. ఇంజను ఎదురుగా రాగానే నా కుడిచేయి దానంతటదే లేచి ఊగింది. మెయిలు ఆగకుండా పోయేటప్పుడు మా నాన్న పచ్చజెండా అలాగే ఊపేవాడు. అంతా సరిగ్గా ఉంది, పొమ్మని.

డ్రైవరు నవ్వుతూ తనూ చేయి ఊపి, కూత పెట్టి, పోయాడు.

వాడి తప్పేముంది? ఎవరో ముసలావిడ గుమ్మంలో నిలబడి రైలుకు టాటా చెబుతోంది అనుకున్నాడు. డోరిస్‌కు చెబితే కళ్ల నీళ్లు వచ్చేలా నవ్వింది. ప్లాట్‌ఫారం అంచున, లైటు కింద, సంచీ పట్టుకుని నిలబడితేనే ఎక్కే మనిషని వాళ్లకు తెలుస్తుందట.

నేను కూడా నవ్వాను. ఇంటికొచ్చాక నవ్వు రాలేదు. చేతులారా పంపించేశాను.

ఆగస్టు 21, శుక్రవారం

ఆగింది!

లైటు కింద సంచీతో నిలబడ్డాను. రైలు ఆగింది, ఒక తలుపు తెరుచుకుంది. పొడుగ్గా, నెరిసిన మీసంతో ఓ నల్లజాతి కండక్టరు దిగి నా కోసం చిన్న మెట్టు పీట కింద పెట్టాడు. జేబు మీద కర్టిస్ అని పేరుంది.

"ఎక్కండి మేడమ్."

"లేదు, నేను రావడం లేదు. మనసు మార్చుకున్నాను" అన్నాను.

పైనుంచి కిందికి చూశాడు. మర్యాదస్తుడు. పీట తీసుకున్నాడు. ఈలోగా నేను కిటికీలన్నీ వెతికాను. అద్దాల్లో పొలాలు, ఆకాశం తప్ప లోపలివాళ్లు కనపడలేదు. ఒక నిమిషం కూడా ఆగలేదు అనుకుంటాను.

కాని ఆగిన సంగతి బిందుకు తెలిసి ఉంటుంది. తెలియకుండా ఎలా ఉంటుంది?

ఆగస్టు 23, ఆదివారం

వినాయక చవితి. ఒక్కదాన్నే ఐదు ఉండ్రాళ్లు చేసుకున్నాను.

లీలావతి ఫోన్ చేసింది. వాళ్లాయనా మా ఆయనా కాలేజీలో కలిసి చదివి, ఒకే ఏడాది ఈ దేశం వచ్చారు. దానికి నా దగ్గర అనలేని మాటంటూ లేదు.

"బిందుకి ఫోన్ చేశావా?" అంది.

"అది చేయొచ్చుగా."

"ఏమని చేస్తుందే ప్రసూనా? పదో రోజున మీ హాల్లో నలభై మందిమి ఉన్నాం. నువ్వన్న మాట అందరం విన్నాం. ఆ పిల్ల కాఫీ ట్రే పట్టుకుని నిలబడిపోయింది. నాకిప్పటికీ కళ్ల ముందే ఉంది. సారీ చెప్పేయ్, పెద్దదానివి."

"నేనన్నదాంట్లో అబద్ధం ఏముంది?" అని పెట్టేశాను.

నేనన్నది ఇది. "నీ కోసం కూర్చునే పోయాడు మీ నాన్న. రైలు తప్పిపోయానని ఒక్క ఫోన్ చేసి ఉంటే ఇంటికి వచ్చేసేవాడు. నా పక్కన ఉండేవాడు. దిక్కులేనివాడిలా బెంచీ మీద పోయేవాడు కాదు."

రాసి చూసినా అబద్ధం కనపడటం లేదు.

ఆగస్టు 28, శుక్రవారం

ఆగింది. దిగలేదు.

సెప్టెంబరు 4, శుక్రవారం

ఆగింది. ఇద్దరు కాలేజీ పిల్లలు దిగారు, సోమవారం సెలవు కదా. ఆ వెనక ఇంకెవరో దిగుతారని చూశాను. కర్టిస్ పీట ఎత్తేశాడు.

"ఇవాళ కూడా మనసు మారిందా, మేడమ్?" అన్నాడు.

"మోకాలు నొప్పి" అన్నాను.

సెప్టెంబరు 11, శుక్రవారం

ఆగింది. దిగలేదు.

సెప్టెంబరు 18, శుక్రవారం

ఆగింది. దిగలేదు. డోరిస్ మాత్రం సంబరపడిపోతోంది, ఈ నెల మన స్టేషన్ లెక్క బాగుందట. పాపం, ఎక్కినవాళ్లెవరని అడగలేదు.

సెప్టెంబరు 25, శుక్రవారం

చూశాను. బిందును చూశాను.

తలుపు దగ్గర, కర్టిస్ వెనక, లోపలి చీకట్లో నిలబడి ఉంది. నీలం కోటు. జుట్టు భుజాల దాకా కత్తిరించేసుకుంది. ఆ పొడుగు జడ నేను పదేళ్లు వేసిన జడ. నన్ను చూడటం లేదు. నన్ను దాటి బెంచీ వైపు చూస్తోంది.

రెండడుగులు వేస్తే అందేది. నేను వేయలేదు. అది వేయలేదు. తలుపు మూసుకుంది.

దిగితే ఏం పోయింది? నేనేమన్నా పులినా? కన్నతల్లి వానకూ ఎండకూ ప్రతి శుక్రవారం వచ్చి నిలబడుతుంటే మెట్టు దిగడానికి ఏం అడ్డం? పొగరు. ఆయన గారాబం చేసి పెంచిన పొగరు.

సెప్టెంబరు 26

నిన్న రాసింది చదివాను. చింపేద్దామనుకుని ఉంచాను.

అక్టోబరు 3

ఉత్తరం వచ్చింది. ఆల్డర్‌టన్‌లో రైళ్లు ఆగడం నవంబరు ఒకటి నుంచి బంద్. చివరి శుక్రవారం ముప్పయ్యో తారీఖు. ఆ తర్వాత ఎవరు కొన్నా ఎవరు నిలబడ్డా ఆగదు.

డోరిస్ తన వంటింట్లో కూర్చుని ఏడ్చింది. నేను టీ పెట్టి ఇచ్చాను. ఆవిడ పెళ్లయి ఈ ఊరికి వచ్చింది ఆ స్టేషన్‌లో దిగేనట.

నాలుగు శుక్రవారాలున్నాయి.

అక్టోబరు 9, శుక్రవారం

కర్టిస్ ఇవాళ పీట వేయలేదు. దిగి నా ఎదురుగా నిలబడ్డాడు.

"మేడమ్, మీరు నా రైలును ఎనిమిది వారాలుగా ఆపుతున్నారు. ఒక్కసారీ ఎక్కలేదు. నేను రిపోర్ట్ రాయాలి, రాయలేదు. ఎందుకో చెప్పనా? మీరు నిలబడి ఉన్నప్పుడల్లా లోపల ఒకావిడ లేచి తలుపు దాకా వస్తుంది. రైలు కదిలాక వెళ్లి కూర్చుంటుంది. ప్రెస్కాట్ దాటేదాకా ముఖం కిటికీ వైపే ఉంటుంది. ఆవిడ మీ అమ్మాయేనా?"

అవునన్నాను.

"మీరిద్దరూ ఏం పెట్టుకున్నారో నాకు తెలీదు. కానీ మేడమ్, దిగడం ఆవిడ వల్ల కాదు. మనిషిని చూస్తే తెలుస్తుంది. ఈ ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టే శక్తి ఆవిడకు లేదు."

"మరి నన్నేం చేయమంటావు?"

"మీ చేతిలో టికెట్ ఉంది కదా" అన్నాడు.

అక్టోబరు 12

మూడు రోజులుగా ఆ మాటే తిరుగుతోంది. నేను ఎక్కాలట. ఎక్కడం ఎంతసేపు? మెట్టు ఎక్కి, దాని పక్కన కూర్చుని, ఏం మాట్లాడాలి? "ఎలా ఉన్నావే" అంటే "బాగున్నా" అంటుంది. తర్వాత? మాట మాట పెరిగి ఆ శుక్రవారం దగ్గరికి వస్తుంది. వస్తే నేను చెప్పాలి.

అందుకే ఎక్కడం లేదు. దాన్ని దిగమంటున్నాను. దిగితే నాది పైచేయి. క్షమించినదాన్ని నేను అవుతాను. వంట చేసి పెడతాను, ఎవరూ ఏమీ అడగరు.

అక్టోబరు 13

రాస్తాను. ఇక్కడైనా రాయకపోతే పిచ్చెక్కుతుంది.

ఆ రోజు మధ్యాహ్నం నుంచీ ఆయనకు గుండెల్లో మంటగా ఉంది. నాతో అన్నారు, రెండుసార్లు. "ప్రసూనా, ఇక్కడ పట్టేసినట్టు ఉందే" అని ఎడమవైపు కాదు, మధ్యలో చూపించారు. నేను ఆవకాయ జాడీ చూపించి దెప్పాను. "పొద్దున దాంతో రెండుసార్లు తిన్నారుగా, మండదూ మరి!" ఉప్పేసి పెద్ద గ్లాసుడు మజ్జిగ ఇచ్చాను. తాగారు. "నువ్వు కూడా రారాదూ, అలా వెళ్లొద్దాం" అన్నారు. టీవీలో ఒలింపిక్స్ మొదలయ్యేది ఆ సాయంత్రమే. చైనావాళ్ల ఆర్భాటం చూడాలని నేను వెళ్లలేదు. కారు తాళాలు నేనే చేతికిచ్చాను.

ఆయన డాక్టరు. నేను డాక్టరు భార్యను. నలభై ఏళ్లుగా ఈ ఊళ్లో ఎవరు ఛాతీ మీద చెయ్యేసుకున్నా ఇద్దరం కలిసి ఆస్పత్రికి పరిగెత్తించేవాళ్లం. మా ఇంట్లో మాత్రం అది ఆవకాయ.

ఈ మాట ఎవరికీ చెప్పలేదు. ఆస్పత్రిలో అడిగారు, ముందేమన్నా అన్నారా అని. ఏమీ అనలేదన్నాను. ఆ అబద్ధం చెప్పిన పదో రోజుకే నా కూతురి మీద పడ్డాను.

అక్టోబరు 16, శుక్రవారం

ఈసారి టికెట్ ప్రెస్కాట్‌కు కాదు, యూనివర్సిటీ ఊరి దాకా తీసుకున్నాను. కర్టిస్ పీట వేశాడు. బిందు తలుపు దగ్గరే ఉంది. నేను పీట మీద ఒక కాలు పెట్టాను.

రెండో కాలు లేవలేదు.

బిందు నా కాలి వైపు చూసింది, తర్వాత నా ముఖం చూసింది. పెదవులు ఏదో అనబోయాయి. నేను కాలు వెనక్కి తీసుకున్నాను. నేనే తీసుకున్నాను. అసహ్యం వేసింది నా మీద నాకు.

అక్టోబరు 17

దీపావళి. అనూప్ ఫోన్ చేశాడు. "అత్తయ్యా, హ్యాపీ దీవాలీ. నిన్న ఏమైంది? బిందు వచ్చినప్పట్నించీ ఒకటే ఏడుపు. నేను అడిగితే, అమ్మ ఆల్‌మోస్ట్ ఎక్కింది అంటుంది, అంతే."

నాకేమీ కాలేదన్నాను. దీపం ఒకటే పెట్టాను.

అక్టోబరు 23, శుక్రవారం

వాన. సంచీ, గొడుగు, మందులు, మార్చుకోవడానికి ఒక చీర. ఇవాళ ఎక్కేస్తానని ఒట్టు పెట్టుకుని వెళ్లాను. రైలు ఆగింది. తలుపు దగ్గర కర్టిస్ ఒక్కడే ఉన్నాడు. తల అడ్డంగా ఊపాడు.

"ఇవాళ రాలేదు, మేడమ్. మొదటి పెట్టె నుంచి చివరి దాకా చూశాను."

జ్వరమేమో. లేకపోతే రైలే మానేసిందేమో, నా వల్ల. ఫోన్ చేద్దామని నంబరు నొక్కి, రింగవ్వకముందే కట్ చేశాను. ఫోన్‌లో చెప్పే మాట కాదు. ముఖం చూస్తూ చెప్పాలి.

ఒక్క శుక్రవారం మిగిలింది.

అక్టోబరు 29

రేపు అది రైల్లో లేకపోయినా ఎక్కుతాను. అనూప్ ఇంటి తలుపు కొడతాను. అడ్రసు రాసుకున్నాను.

అక్టోబరు 31, శనివారం

ఇది యూనివర్సిటీ ఊళ్లో, బిందు వంటింటి టేబుల్ దగ్గర కూర్చుని రాస్తున్నాను. పొద్దున ఏడు. ఇద్దరూ ఇంకా లేవలేదు. నిన్నటిది ఉన్నదున్నట్టు రాయాలి.

స్టేషన్‌కు వెళ్లేసరికి ఊరు ఊరంతా అక్కడే ఉంది. ఎప్పుడూ నేనూ కాకులూ తప్ప లేని చోట యాభై మంది! చివరి శుక్రవారం కదా, డోరిస్ కేకు చేయించింది, రైలు బొమ్మతో. పేపరు తరఫున కెమెరా అమ్మాయి వచ్చింది. హైస్కూలు పిల్లలు బాకాలు ఊదుతున్నారు. నేను కోటు కింద పట్టుచీర కట్టుకుని, సంచీ పట్టుకుని లైటు కింద నిలబడితే డోరిస్ పెద్ద గొంతుతో "ఆల్డర్‌టన్ చివరి ప్యాసింజరు!" అని అరిచింది. అందరూ చప్పట్లు. నా చేత కేకు కోయించారు. ఈ ఊరి గౌరవం నిలబెట్టడానికి ఎక్కుతున్నానని వాళ్లనుకున్నారు. నేను రైలొచ్చే వైపే చూస్తున్నాను.

రైలొచ్చింది. ఆ సందడికి డ్రైవరు రెండు కూతలు ఎక్కువే వేశాడు. తలుపు తెరుచుకుంది.

బిందు ఉంది.

యాభై మందిని చూసి బెదిరిపోయి ఒక అడుగు వెనక్కి వేసింది. కర్టిస్ పీట వేశాడు. నేను ఒక కాలు పెట్టాను. రెండో కాలు మళ్లీ రాళ్లు కట్టినట్టే ఉంది. వెనక జనం చప్పట్లు కొడుతూనే ఉన్నారు. అప్పుడు బిందు కిందికి వంగి నా మోచేయి పట్టుకుంది. "అమ్మా, కమ్" అంది. లాగింది. ఎక్కాను.

రెండు సీట్లలో పక్కపక్కన కూర్చున్నాం. పోయిన వారం ఫ్లూ అట, అందుకే రాలేదట. ప్రెస్కాట్ వచ్చింది, పోయింది. నేను కోటు గుండీలు సవరించుకుంటూ కూర్చున్నాను. దాని వేళ్లు ఆయన వేళ్లే, పొడుగ్గా. ఇంక ఆలస్యం చేస్తే మళ్లీ ధైర్యం రాదనిపించింది.

"బిందూ, నీకో మాట చెప్పాలే. ఆ రోజు మధ్యాహ్నం నుంచే మీ నాన్నకి గుండెల్లో మంట. నాకు చెప్పారు. నేను పట్టించుకోలేదు. ఆవకాయ తిన్నారు, అదేలే అని మజ్జిగ ఇచ్చి పంపించాను. రమ్మన్నారు, నేను వెళ్లలేదు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆ తప్పు నీ నెత్తిన పెట్టాను."

అరుస్తుందనుకున్నాను. లేచి వెళ్లిపోతుందనుకున్నాను. కిటికీ వైపు చూస్తూ ఉండిపోయింది. కోసేసిన మొక్కజొన్న పొలాలు పోతున్నాయి.

"తెలుసు అమ్మా" అంది.

"నీకెలా తెలుసే?"

"నాన్న చెప్పాడు. నేను కాల్ చేసినప్పుడు."

"నువ్వు ఫోన్ చేయలేదు కదే."

"చేశాను. ట్రైన్ మిస్ అయ్యాను, రేపు మార్నింగ్ వస్తాను అని చెప్పాను. నాన్న ప్లాట్‌ఫారం మీద ఉన్నాడు. వాయిస్ బాగా లేదు. ఆర్ యూ ఓకే అని అడిగాను. గ్యాస్ అన్నాడు. మీ అమ్మ మజ్జిగ ఇచ్చింది, కొంచెం కూర్చుని వెళ్తా అన్నాడు. నేను ఓకే నాన్నా, బై అన్నాను." ఆగింది. "నేను ఫార్మసిస్ట్ అమ్మా. నేను కూడా ఓకే అన్నాను."

ఆస్పత్రివాళ్లు ఆయన ఫోన్ ప్లాస్టిక్ సంచీలో పెట్టి ఇచ్చారు. నేను దాన్ని ఏనాడూ ఛార్జింగుకు పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో నాకు తెలుసు.

"మరి ఆ పదో రోజున, అంతమందిలో, ఫోన్ కూడా చేయలేదని నేను అరుస్తుంటే, చేశానని చెప్పొచ్చు కదే! నోరెందుకు మూసుకున్నావు?"

బిందు నా వైపు తిరిగింది.

"కాల్ చేశాను అంటే, నాన్న ఏమన్నాడు అని ఆంటీలందరూ అడుగుతారు కదా అమ్మా. అప్పుడు మజ్జిగ చెప్పాలి."

రైల్లో ఉన్నానని కూడా మరిచిపోయి ఏడ్చాను. ట్రే పట్టుకుని నిలబడిన పిల్ల! ఒక్క మాట చెబితే ఆ హాల్లో తలలన్నీ నా వైపు తిరిగేవి. చెప్పలేదు. ట్రే కింద పెట్టి, కోటు వేసుకుని, వెళ్లిపోయింది. ఏడాది పైగా తల్లిని వదిలేసిన కూతురని పేరు మోసింది. లీలావతి కూడా దాన్ని సమర్థించిందే గాని, ఫోన్ చేయని పిల్లగానే లెక్కేసింది.

"ఇంటికెందుకు రాలేదే మరి?"

"వస్తే ఏదో ఒక రోజు కోపం వచ్చి చెప్పేస్తాను అని భయం. నాకు నీ మీద చాలా కోపం ఉంది అమ్మా. ఇంకా ఉంది."

"ఉండనీ" అన్నాను.

అది నా భుజం మీద తల పెట్టలేదు. సినిమాల్లో అయితే పెట్టేది. చేయి మాత్రం తీసేయలేదు. కర్టిస్ వచ్చి ఇద్దరి టికెట్లూ చూసి, రెండు నీళ్ల సీసాలు పెట్టి పోయాడు. స్టేషన్‌లో అనూప్ నన్ను చూసి కారు తాళాలు కింద పడేసుకున్నాడు.

అదే రోజు, సాయంత్రం

పొద్దున బిందు లేచేసరికి నేను దాని ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. ఆ రోజు మా హాల్లో ఉన్నవాళ్ల నంబర్లన్నీ అందులో ఉన్నాయి. మొదట లీలావతికి చేశాను. బిందు ఫోన్ చేసిందని, ఆయన గుండెల్లో మంట అని నాతో చెప్పారని, మజ్జిగ ఇచ్చి పంపింది నేనని, నేను ఆ రోజు అన్నది అబద్ధమని చెప్పాను. తర్వాత శారదకు చేశాను. తర్వాత మీనాకు. మీనా పరవాలేదు పరవాలేదు అంటూ మాట మార్చబోయింది. మారనివ్వలేదు. ఒక్కొక్కరికీ మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. నాలుగోసారికి ఎక్కడా ఆగకుండా చెప్పగలిగాను.

బిందు మొదట ఫోన్ లాక్కోబోయింది. తర్వాత నా ఎదురుగా కూర్చుని వింది. మధ్యాహ్నం రెండింటికి కంచంలో అన్నం పెట్టి తెచ్చింది.

"చాలు అమ్మా. తిను."

"ఇంకా ఉన్నారే" అన్నాను.

అది కుర్చీ దగ్గరికి జరుపుకుని, తర్వాతి నంబరు తనే నొక్కి ఇచ్చింది.